మునెమ్మ వేసిన తొమ్మిది ముద్రలు

రెండువేల ఇరవై నాలుగు, అక్టోబరు పదకొండు, శుక్రవారం, ఆయుధపూజ. ఆరోజు మధ్యాహ్నం మదనపల్లె మార్కెట్ యార్డులో, గంగులప్ప టమోటా మండీలో కూర్చుని అలసంద గుగ్గిళ్ళు, బెల్లం కలిపిన బొరుగులు, రెండాకుల చిత్రాన్నం తిన్నాను. రెండో ఆకు నిజానికి గంగులప్పది. అతనికి షుగరు, ఎదురుగా భార్య అంబిక కూర్చుని ఉంది. అందుకని ఆకును మెల్లగా నా వైపు తోశాడు. పాపం నాకు చుట్టుకుంటే చుట్టుకోనీ అనుకుని తినేశాను.

తేదీ గుర్తుండిపోయింది మాత్రం చిత్రాన్నం వల్ల కాదు. మేం తింటున్నప్పుడే పక్క గదిలో గంగులప్ప తల్లి మునెమ్మ, తన కుడిచేతి బొటనవేలితో, ఒక పరాయి దేశపు ప్రభుత్వాన్ని కాసేపు ఇరుకున పెట్టే పని ఒకటి చేసింది.

నేనుండేది పుంగనూరులో. కాలేజీలో ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పాను, అంటే పిల్లలకు కప్పల్ని కోయడం నేర్పాను. రిటైరై మూడేళ్ళయింది. నా భార్య శాంతమ్మ పోయి మూడేళ్ళు. గంగులప్ప ఇంటర్ దాకా నాతో చదివి, అక్కడ చదువు మీద కోపమొచ్చి టమోటాల్లోకి పోయాడు. ఇప్పుడతనికి మండీ ఉంది, రెండు లారీలున్నాయి. నాకు పెన్షనూ తీరికా ఉన్నాయి కాబట్టి వారానికి రెండుసార్లు బస్సెక్కి పోయి అతని మండీలో కూర్చుంటాను. తాలు కాయలు ఏరేసే ఆడవాళ్ళ మాటలు వింటే నాకు ఆ వారానికి చాలు.

ఆయుధపూజ నాడు ఆ మండీలో సర్వాధికారాలూ మునెమ్మవి. ఎనభై నాలుగేళ్ళ మనిషి. కాటా, ట్రేలు, లారీలు, మోటారుసైకిలు, కంప్యూటరు, కరెంటు మీటరు, అన్నింటికీ బొట్టు పెట్టింది. ఆమె బొట్టు అంటే మామూలు బొట్టు కాదు. పసుపులో నూనెచుక్క వేసి గట్టిగా ముద్ద చేసి, రూపాయి బిళ్ళంత అద్ది, దాని మీద కుంకుమ పెట్టి బొటనవేలితో ఒత్తుతుంది. లారీకి పెట్టిన బొట్టు ఢిల్లీ పోయి వానలో తడిసి వచ్చినా అట్లే ఉంటుంది.

లెక్కల పుస్తకాల కోసం సొరుగు తెరిచిందట. అందులో నీలంరంగు పుస్తకం ఒకటి. పైన సింహాల బొమ్మ, లోపల కొడుకు ఫోటో. ఆమెకు చదువు రాదు. సింహాలూ ఫోటోలూ ఉండేది పొలం పాసుపుస్తకానికే కదా అనుకుంది. అన్నం పెట్టే పొలానికి లేని బొట్టు కరెంటు మీటరుకెందుకు? ఫోటో ఉన్న పేజీని వదిలేసి, తర్వాతి ఖాళీ పేజీల్లో వరసగా తొమ్మిది పెట్టింది. తొమ్మిదితో పసుపు ముద్ద అయిపోయింది.

అది గంగులప్ప పాస్‌పోర్టు.

సాయంత్రం చూసుకుని గుడ్డతో తుడవబోయాడు. మొదటి బొట్టు కాస్త సాగి తోకచుక్కలా తయారైంది. మిగతా ఎనిమిదింటినీ ముట్టుకోలేదు. దేవుడి పసుపు కుంకాలకు అభ్యంతరం చెప్పేవాడు ఎవడుంటాడని నన్నడిగాడు. ఎవడూ ఉండడన్నాను. నేను డిగ్రీ చదివినవాణ్ణి, అయినా అన్నాను.

కొత్త పుస్తకం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అంటే, టైము లేదు. కుప్పంలో జిరాక్సు షాపు పక్కన ట్రావెల్సు నడిపే మణికంఠ నవంబరులో పన్నెండు మందిని మలేసియా తీసుకుపోతున్నాడు, ఐదు రోజులు, మురుగన్ కొండతో సహా. టిక్కెట్లు కొనేశాం. పైగా మదనపల్లె దాటి ఎక్కడికీ పోని నన్ను బతిమాలి ఒప్పించింది గంగులప్పే. నా పాస్‌పోర్టు శాంతమ్మా నేనూ కలిసి తీసుకున్నది, ఒక్క ముద్ర కూడా పడకుండా బీరువాలో ఉంది.

అసలు చిక్కు వేరే ఉంది. మలేసియా సంగతి మునెమ్మకు తెలియదు. గంగులప్ప తండ్రి ముప్పై రెండేళ్ళ కిందట, శుక్రవారానికల్లా వస్తానని చెప్పి టమోటా లారీతో బొంబాయి పోయాడు. షోలాపూరు అవతల లారీ తిరగబడింది. ఆ శుక్రవారం రాత్రి నుంచి మునెమ్మ ఇంటి తలుపు వేసే పని ఇంకెవరికీ ఇవ్వలేదు. కొడుకు లోపలికి వచ్చాకే వేస్తుంది. రాకపోతే వెయ్యదు. గడప దగ్గర గోడకానుకుని కూర్చుంటుంది, పడుకోదు, బీపీ మాత్ర కూడా మింగదు. ఒకసారి బస్సు చెడిపోయి అతను తెల్లవారి వస్తే, ఆమెను ఆసుపత్రిలో చూసుకోవలసి వచ్చింది. బెంగుళూరు, తిరుపతి, రాత్రికి తిరిగి రాగలిగిన ఊళ్ళు మాత్రమే ఆమె ఒప్పుకుంటుంది. ఒక్క కోలారుకు మినహాయింపు. కోలారులో ఆమె తమ్ముడి ఇల్లుంది, అక్కడ పడుకుంటే ఇంట్లో పడుకున్నట్టే.

అందుకని గంగులప్ప కోలారు మార్కెట్లో ఐదు రోజులు పని ఉందని చెప్పాడు. ఆ మేనమామకు ముందే చెప్పి పెట్టాడు. మంగళవారం రాత్రి తలుపేసే వేళకు ఇంట్లో ఉంటానని తల్లి చేతిలో చెయ్యి వేశాడు. అరవై మూడేళ్ళవాడు, సినిమాకు పోవడానికి అబద్ధమాడే పిల్లాడిలా చెమటలు కక్కాడు.

బయల్దేరే ముందు మణికంఠ మమ్మల్నందరినీ కుప్పంలో తన గదిలో కూర్చోబెట్టి, పాస్‌పోర్టు కౌంటరు దగ్గర ఏం జరుగుతుందో గంటసేపు చెప్పాడు. గీత దాటి ముందుకు పోకూడదు, టోపీ తియ్యాలి, రెండు చూపుడువేళ్ళూ అద్దం మీద పెట్టాలి, జోకులు వెయ్యకూడదు, పళ్ళు ఇకిలించకూడదు. దేశంలోకి పోయేటప్పుడు నూరు ప్రశ్నలడుగుతారని హోటలు పేరు బట్టీ పట్టించాడు. తిరిగి వచ్చేటప్పుడు ఏమడుగుతారని నేనడిగాను.

"ఏమీ అడగరు సార్," అన్నాడు. "ఇంటికొచ్చిన సుట్టం పోతానంటే యాల పోతాండావని ఎవురన్నా అడుగుతారా?"

నాకూ సబబుగానే తోచింది.

పోయేటప్పుడు అతని మాట సగం తప్పింది, నూరు ప్రశ్నలు ఎవరూ అడగలేదు. బెంగుళూరులో ఆఫీసరు ఆ పుస్తకంలో చివరి పేజీ తెరిచి, తిప్పకుండా అక్కడే ముద్ర కొట్టాడు. మలేసియాలో దిగినప్పుడు మా వెనక మూడు విమానాల జనం. కౌంటరులో అమ్మాయి ఎక్కడో ఓ పేజీ తెరుచుకుంటే అక్కడే ముద్ర గుద్ది పంపేసింది. మాకు ధైర్యం వచ్చింది.

ఐదు రోజులూ బాగానే గడిచాయి. మురుగన్ కొండ మెట్లు ఎక్కుతూ గంగులప్ప, ఇంత ఎత్తులో ఉన్నవాడికి మోకాళ్ళ నొప్పులేం తెలుస్తాయని దేవుణ్ణి కాస్త తిట్టాడు. అక్కడి సంతలో టమోటాను నొక్కి, వాసన చూసి, ఈ కాయ మన యార్డు గేటు కూడా దాటదని తేల్చాడు. నాకు మట్టుకు హోటల్లో పళ్ళేలు తీసే ముసలాయన గుర్తున్నాడు. రెండో రోజు నుంచీ నాకు అడక్కుండానే కాఫీలో చక్కెర తగ్గించాడు. ఇంట్లో ఆ పని చేసే మనిషి లేక మూడేళ్ళు.

మంగళవారం పొద్దున విమానం పదిన్నరకు. ఎనిమిదిన్నరకే వరసలో నిలబడ్డాం. మణికంఠ నాయకుడు కాబట్టి మొదట తానే దాటిపోయాడు. అవతల నిలబడి, రండి రండి అని చేతులూపాడు. ఒక్కొక్కరే వెళ్ళారు. గంగులప్ప వంతు వచ్చింది. అతని వెనక గీత దగ్గర నేను.

కౌంటరులో పాతికేళ్ళ కుర్రాడు. గంగులప్ప రెండు వేళ్ళు అద్దం మీద పెట్టాడు. యంత్రం ఒప్పుకుంది. ఆ కుర్రాడు పుస్తకం తీసుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు అర్థమైంది నాకు మేం ఆలోచించనిది. లోపలికి వచ్చేవాడికి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ముద్ర వేస్తారు. బయటికి పోయేవాడు ఏ రోజు వచ్చాడో చూడాలంటే ఆ ముద్రను వెతకాలి. వెతకాలంటే పేజీలన్నీ తిప్పాలి.

మొదటి బొట్టు దగ్గర ఆగాడు. రెండో దాని దగ్గర దీపం దగ్గరికి లాగాడు. మూడో దాన్ని గోటితో గీరాడు. తొమ్మిదో దాని దగ్గరికొచ్చేసరికి అతని ముఖంలో జాలీ అనుమానమూ రెండూ ఉన్నాయి. ఇంగ్లీషులో ఏదో అడిగాడు. గంగులప్ప నావైపు చూశాడు. కుర్రాడు నన్ను కూడా రమ్మని సైగ చేశాడు.

ఈ ముద్ర ఏ దేశానిది అని అడుగుతున్నాడు.

నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు. కప్ప గుండెలో గదులు ఎన్నో ఇంగ్లీషులో చెప్పగలను. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఏ భాషలో ఉందో తెలియలేదు. అది వాళ్ళమ్మ వేసిందని చెప్పాను. మీ అమ్మ గవర్నమెంటు ఉద్యోగా అని కుర్రాడు గంగులప్పను చూసి అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

"ఉద్యోగం కాదు సార్," అన్నాడు గంగులప్ప. "గవర్నమెంటే ఆయమ్మ, మా యింట్లో."

నేను దాన్ని అనువదించలేదు. జోకులు వేయకూడదని మణికంఠ ముందే చెప్పాడు. అయినా కుర్రాడు పుస్తకం మూసి, ఎవరినో పిలిచి, మా ఇద్దర్నీ పక్కనున్న గదిలోకి పంపాడు. అవతల మణికంఠ ఊపుతున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

గదిలో పెద్దావిడ, యూనిఫాంలో. మమ్మల్ని కూర్చోమని, రెండు గ్లాసుల నీళ్ళు పెట్టింది. గంగులప్ప ఒక గ్లాసు గడగడా తాగేయడం చూసి, రెండో గ్లాసు కూడా అతని వైపే జరిపింది. పేర్లు చూసి తమిళం వచ్చా అని తమిళంలో అడిగింది. గంగులప్పకు ప్రాణం లేచొచ్చింది. మునెమ్మ పుట్టిల్లు కుప్పం దగ్గర పల్లె, ఆ ఇంట్లో తెలుగూ తమిళమూ రెండూ పొయ్యి దగ్గరే నేర్చుకుంటారు. ఆయుధపూజ నుంచి మొదలుపెట్టి, లారీలూ కాటాలూ అన్నీ చెప్పుకొచ్చాడు.

ఆమె అంతా విన్నది. తనకు కుంకుమంటే ఏమిటో తెలుసంది. కానీ ప్రభుత్వాల ముద్రలు తప్ప వేరేవి ఉన్న పుస్తకం చెల్లదని వాదించేవాళ్ళుంటారు, ఇది ఎవరో మోసానికి వేసింది కాదని తనకు నమ్మకం కలగాలి, కాగితం మీద రాయాలి అంది. ఇది వేసిన మనిషితో మాట్లాడించమంది. లేకపోతే మీ రాయబార కార్యాలయానికి కబురు చేస్తాను, వాళ్ళొచ్చి చూస్తారు, ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఒకటి రెండు రోజులు. గంగులప్ప తన భార్యతో మాట్లాడమని బతిమాలాడు. మండీ గుమాస్తాతో మాట్లాడమన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వేలు ఎవరిదో మాట వాళ్ళదే ఉండాలంది. గోడ మీది గడియారం తొమ్మిది చూపిస్తోంది.

"ఫోన్ సేస్తే ఆయమ్మకు తెలిసిపోతాది," అన్నాడు నాతో, తెలుగులో. "సెయ్యకపోతే రాత్రికి వాకిట్లో కూసుంటాది. ఏం సెయ్యమంటావు?"

"చెయ్యి," అన్నాను. "తిడితే పడదాం."

అంబికకు వీడియో కాల్ కలిపాడు. మన దగ్గర ఆరున్నర. అంబిక రెండు ముక్కల్లో విని, ఫోన్ తీసుకుని వాకిట్లోకి నడిచింది. తెరమీద ముందు ఇంటి దూలం కనిపించింది, తర్వాత కళ్ళాపి బకెట్టు, తర్వాత మునెమ్మ నుదురు, నుదురు మాత్రమే.

గంగులప్ప ఫోనును ఆఫీసరు చేతికిచ్చి, తాను తెరలో కనిపించకుండా కుర్చీ పక్కకు జరిగాడు. మునెమ్మకు కనిపించింది యూనిఫాం ఒక్కటే.

"ఏం జేసినాడమ్మా మావోడు?" అంది.

నేను దాన్ని ఇంగ్లీషులో చెప్తే, ఆఫీసరు తమిళంలో, మీవాడు ఏమీ చెయ్యలేదంది. ఈ పుస్తకంలో బొట్లు పెట్టింది నువ్వేనా అని పేజీ చూపించింది. మునెమ్మ కూడా తమిళంలోకి మారి, నేనే పెట్టాను, పండగపూట అన్నింటికీ పెడతాను, పొలం పుస్తకానికి పెట్టకూడదా అని ఎదురడిగింది. ఆఫీసరు పొలం పుస్తకం అన్న మాట దగ్గర ఒక క్షణం గంగులప్ప వైపు చూసింది. అతను రెండు చేతులూ జోడించాడు. ఆమె సరిదిద్దలేదు.

ఇన్ని పేజీల్లో పెట్టి ఫోటో ఉన్న పేజీలో ఎందుకు పెట్టలేదని మాత్రం అడిగింది.

మునెమ్మ నుదురు తెరనిండా ముడతలు పడింది. తమిళం మరిచిపోయి తెలుగులో అంది: "బతికుండే వాని పటానికి యాడన్నా బొట్టు పెడతారా తల్లీ?"

గంగులప్ప ఆ మాటను నెమ్మదిగా తమిళంలో చెప్పాడు. నాకు పుంగనూరులో, తాళం వేసిన ఇంట్లో, శాంతమ్మ పటం గుర్తొచ్చింది. దానికి రోజూ పొద్దున నేను బొట్టు పెడతాను, ఐదు రోజులుగా పెట్టలేదు. చివరిసారి పెట్టింది రాలిపోయిందో, ఉందో.

ఆఫీసరు వేలు చూపించమంది. మునెమ్మ కొంగుతో తుడుచుకుని బొటనవేలు ఎత్తింది. తెరంతా వేలే. దాని మధ్య ఏటవాలుగా ఒక గీత, ఎప్పుడో వేరుశనగ కోతల్లో కొడవలి తగిలిన మచ్చ. ఆఫీసరు పుస్తకాన్ని ఫోను పక్కన పెట్టింది. సాగిపోయిన మొదటిది తప్ప, మిగతా ఎనిమిది కుంకుమ బొట్లలోనూ అదే గీత, అదే ఏటవాలు. గంగులప్ప పుట్టాక అరవై మూడేళ్ళలో మొదటిసారి ఆ గీతను చూశాడేమో, మెడ చాచి చూస్తున్నాడు. కనిపించకుండా దాక్కున్న సంగతి మరిచిపోయాడు. తెరలోకి అతని తల వచ్చేసింది.

మునెమ్మ కొడుకును చూసింది. అతని వెనక గోడ మీదున్న చారల జెండాను కూడా చూసిందేమో నాకు తెలియదు. ఆఫీసరునే అడిగింది.

"రాత్రికి ఇంటికి పంపిస్తావా అమ్మా? తలుపేసే టయానికి?"

ఇది తెలుగే, కానీ ఆఫీసరు అనువాదానికి ఆగలేదు. పంపిస్తానమ్మా అని తమిళంలో అంది.

తర్వాత ఓ కాగితం మీద ఏదో రాసి, గంగులప్ప చేత సంతకం పెట్టించుకుంది. ఇంటికి పోగానే కొత్త పుస్తకం తీసుకోమని, అందరూ తనలా వినరని గట్టిగానే చెప్పింది. పుస్తకం తీసుకుని తనే కౌంటరు దాకా వచ్చింది. మేం వచ్చిన రోజు వేసిన ముద్ర ఉన్న పేజీ తెరిపించి, బొట్టుకూ దానికీ మధ్య ఉన్న జాగాలో, అంచు తగలకుండా, ముద్ర వేయించింది. నా పుస్తకం వంతు వచ్చినప్పుడు ఆ కుర్రాడు పేజీలన్నీ తిప్పి చూశాడు. ఒక్క బొట్టు కూడా లేకపోయేసరికి కొంచెం నిరాశ పడ్డాడు.

బెంగుళూరులో దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు. అక్కడి ఆఫీసరు పేజీ తెరిచి, బొట్టు చూసి, అలవాటు కొద్దీ వేలితో తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత ఉద్యోగం గుర్తొచ్చి, ఇదేం పని అని ముఖం గంటు పెట్టుకున్నాడు. మణికంఠ వ్యాను మమ్మల్ని దారిలో ఎక్కడా దించనంది. టూరు కుప్పంలో మొదలైంది కాబట్టి కుప్పంలోనే ముగియాలట. మదనపల్లె పోవలసినవాళ్ళం కుప్పం దాకా పోయి, ఐదు గంటలకు బస్సెక్కి, పలమనేరు, పుంగనూరు మీదుగా వెనక్కి వచ్చాం. దారి పొడవునా గంగులప్ప అబద్ధాన్ని బాగు చేసుకుంటూ ఉన్నాడు. కోలారు మార్కెట్లో కొత్తగా ఆడ ఆఫీసర్లను వేశారు, పాసుపుస్తకాలు తనిఖీ చేస్తున్నారు. ఏసీ గది ఎందుకుందంటే, కాయ చెడిపోకుండా. నేను అక్కడక్కడా దిద్దాను. పుంగనూరులో దిగిపోదామనుకున్నాను గానీ అతను నా చెయ్యి వదల్లేదు. సాక్షి కావాలట.

ఇల్లు చేరేసరికి ఎనిమిది ముప్పావు. తలుపు బార్లా తెరిచి ఉంది. మునెమ్మ గడప దగ్గర గోడకానుకుని కూర్చుని ఉంది. మా ఇద్దర్నీ పైనుంచి కిందికి చూసింది.

"కాళ్ళు కడుక్కోండి," అంది.

అంబిక సంగటి, వేరుశనగ ఊరుబిండి పెట్టింది. గంగులప్ప తల ఎత్తకుండా తిన్నాడు. మునెమ్మ ఎదురుగా కూర్చుని, కోలారులో తమ్ముడు ఎట్లున్నాడు, కాయ రేటెంత అని ఒక్కొక్కటే అడిగింది. అన్నింటికీ అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. చివరికి అడిగింది.

"ఆ ఆపీసరమ్మ యాల అరవం మాట్లాడినాది?"

"కోలారు కదమ్మా."

"కోలారులో కన్నడం మాట్లాడతారు నాయనా."

నేను సంగటి ముద్ద వైపే చూశాను. సాక్షిగా నన్ను తెచ్చుకున్నందుకు గంగులప్ప పశ్చాత్తాప పడుతూ ఉండాలి. మునెమ్మ చెయ్యి చాచింది. అతను జేబులోంచి పుస్తకం తీసి ఇచ్చాడు. ఆమె దీపం దగ్గరికి పోయి పేజీలు తిప్పింది. కొత్త ముద్ర ఉన్న చోట ఆగి, బొట్టుకూ ముద్రకూ మధ్య ఉన్న సన్నని ఖాళీని వేలితో తడిమింది.

"నా బొట్టు మింద పడకుండా ఏసినాది. ఆయమ్మ మంచి మనిసి," అంది. పుస్తకం మూస్తూ, "ఈ తూరి ఎంత దూరం పొయినా సెప్పి పో. ఇంకా ఖాళీ పేజీలు శానా ఉండాయి."

గంగులప్ప చెంబెత్తి నీళ్ళు తాగాడు. అంబిక చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

నేను లేచి, ఆఖరి బస్సుంటుంది, పుంగనూరు పోతానన్నాను. మునెమ్మ నన్ను చూడనైనా చూడలేదు. మీ ఇంటికాడ ఎవురుండారు తలుపేసేదానికి, ఈడే పండుకోండి అయ్యవారూ అంటూ చాప పరిచింది. మాత్ర వేసుకుంది. గడప దగ్గరికి నడిచి, వంగి, లోపలున్న చెప్పుల జతలు రెండూ చూసుకుంది, ఒకటి కొడుకుది, ఒకటి నాది. తలుపు దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా గడియ వేసింది.